విద్యుత్తుతో వ్యాయామము

ఇరువది నిమిషములలో వ్యాయామము ముగియును. బరువు లెత్త నక్కరలేదు. విద్యుత్పలకలు కుట్టిన తడిచొక్కా తొడిగికొని, చెప్పినట్లు కాలుసేతులు కదల్చిన చాలును; కండరములను యంత్రమే ముడుచును. జర్మనీ దేశమున విశేషముగా వ్యాపించి, నేడు మన నగరములకును వచ్చిన పద్ధతి యిది. దీనివలన ప్రయోజనము లేకపోలేదు. కాని దీని పోకడ నెఱుగక చేసినచో కలుగు కీడు సామాన్యమైనది కాదు.

విద్యుత్తు సోకినపుడు చచ్చిన కప్ప కాలు కదలుటను ఇటలీ శాస్త్రజ్ఞుడు గాల్వానీ 1791లో ప్రకటించెను. ఈ యంత్రమునకు మూల మదియే.

మనము నీళ్లబిందె నెత్తునపుడు మెదడు ముందుగా కొన్ని కండరతంతువులనే పిలుచును. అవి చాలనిచో మఱికొన్నిటిని పిలుచును. అలసట తోచగానే బిందెను దింపుదుము. యంత్రమున కీ వివేకము లేదు. పలకలకు సమీపమున నున్న తంతువులనే అది మరల మరల, ఒక్కుమ్మడిగా ముడుచుచుండును. తొడలు, వీపు, చేతులు ఏకకాలమున శ్రమపడును. పైకి చెమట పట్టకున్నను లోపల తంతువులు చిట్లవచ్చును.

చిట్లిన కండరమునుండి మయోగ్లోబిన్ అను ఎఱ్ఱని పదార్థము రక్తములో కలియును. అది మిక్కుటమైనచో మూత్రపిండములు దెబ్బతినును. లండను నగరముపై బాంబులు పడిన కాలమున, కూలిన యిండ్లక్రింద నలిగినవారి మూత్రపిండములు చెడుటను బైవాటర్సు, బీల్ అను వైద్యులు 1941లో వర్ణించిరి. గోడక్రింద నలిగినను, మితిమీరిన విద్యుత్తుచే నలిగినను మూత్రపిండముల కాపద యొక్కటియే. 2016లో ఇజ్రాయేలు వైద్యులు ఇట్టి రోగి విషయమును ప్రకటించి, ఈ వ్యాయామమునకు ప్రభుత్వ నియంత్రణము కావలెనని కోరిరి.

అపాయ మెక్కువగా నుండునది తొలిదినముననే. దేహదార్ఢ్యము గల యువకులకును మినహాయింపు లేదు. కావున స్వల్పశక్తితో, కొలది నిమిషములతో ప్రారంభింపవలెను. తొలి ఎనిమిది పది వారములు వారమున కొక్కమాఱు చాలును. ఏనాడును 20 నిమిషములు మించరాదు. శిక్షకుడు ప్రక్కనే యుండవలెను. ముందును వెనుకను చాలినంత నీరు త్రాగవలెను. గర్భవతులు, గుండెలో పేస్‌మేకరు గలవారు, మూర్ఛరోగులు, జ్వరముతో నున్నవారు దీని జోలికి పోరాదు.

మఱునాడు కొంచెము నొప్పి సహజము. కాని కండరములు వాచినను, చేయి లేవకున్నను, మూత్రము పాలులేని తేనీటివలె నల్లబాఱినను నొప్పిమాత్రలతో కాలము గడపరాదు. ఆనాడే వైద్యుని కడ కేగి, చేసిన వ్యాయామమును దాచక చెప్పవలెను. రక్తపరీక్షలో క్రియాటిన్ కైనేజు కొలత చూచి ఆయన నిర్ణయించును.

నొప్పి యెంత హెచ్చిన ఫలమంత హెచ్చునని కొందఱు భ్రమపడుదురు. ఇది నిజము కాదు. శిక్షకుడు శక్తిని పెంచబోవునపుడు “చాలు” అని చెప్పుటకు శ్రోతలు సంకోచింపకుందురుగాక. యంత్రమునకు అలసట తెలియదు గనుక ఆ మాట మనమే చెప్పవలెను.