రెండవ భాషలో వ్రాత - మన కాలేజీ పిల్లలు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి సార్" అని కార్యదర్శిగారు అడిగారు. నేను చాలా ఏండ్లు డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి. అందువల్ల నాకు బాగా తెలిసిన ఒక్క సంగతే మనవి చేస్తాను. మన పిల్లలకు వ్రాత రావడం లేదు. వ్రాత అంటే దస్తూరి కాదు. దస్తూరి చాలామందికి ముత్యాల్లాగానే ఉంటుంది. తన మనసులో ఉన్న సంగతిని తన మాటల్లో కాగితం మీద పెట్టడం, అదీ రావడం లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఉపకార వేతనానికి వచ్చిన దరఖాస్తులు చూడమని ఒకసారి నాకు ఇచ్చారు. మీ కుటుంబం గురించి ఇంగ్లీషులో పది వాక్యాలు వ్రాయండి అని అందులో ఒక కాలం ఉంది. అన్నీ చదివాను. పేర్లు మారాయి గాని పది వాక్యాలూ అవే. ఉదయగిరి పిల్లవాడొకడు "మై ఫాదర్ ఈజ్ ఏ ఫార్మర్" అని వ్రాశాడు. వాళ్ళ నాయన నాకు తెలుసు. ఆయనకు సెంటు భూమి లేదు. పిల్లవాణ్ణి పిలిపించి, "ఏమయ్యా, మీ నాయన కర్ర చెంచాలు చెక్కుతాడు గదా, రైతు అని వ్రాశావేమి?" అని అడిగాను. వాడు తల వంచుకుని, "చెంచాలు చెక్కడం అనేది ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలీలేదు సార్. గైడులో ఫార్మర్ అని ఉంది" అన్నాడు.

ఆ మాట విన్న తర్వాత నాకు రెండు రోజులు అన్నం సయించలేదంటే నమ్మండి. ఉదయగిరి కర్ర చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి కొనుక్కుపోతారు. ఆ చెంచా చెక్కే మనిషి కొడుకు, కాలేజీ మెట్లెక్కి, తన తండ్రి పనిని రెండు ముక్కల్లో చెప్పలేక, ఆయన్ను వేరే మనిషిని చేసేశాడు. ఇది వ్యాకరణం తప్పు కాదు. వ్యాకరణం ప్రకారం ఆ వాక్యం సరిగ్గానే ఉంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఇట్లా ఎందుకు జరుగుతున్నది? మన ఇండ్లలో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. వీధిలో, బజారులో, బడిలో తెలుగు. డిగ్రీకి పోయేసరికి ఇంగ్లీషు. 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలని రాష్ట్రంలో నిర్ణయం జరిగింది. కాబట్టి కాగితం మీద రెండవ భాష అని ఉన్నా, మన పిల్లవాడికి ఇంగ్లీషు లెక్క ప్రకారం మూడవది.

దీన్ని చూసి కొందరు "మావాళ్ళకు భాష ఒంటబట్టదు" అంటారు. నేను ఒప్పుకోను. మనం ఇంట్లో "ఆతూఁ బోల్కే బోల్యా" అంటాం. బజారులో "వస్తానని చెప్పాడు" అంటాం. ఆ "బోల్కే" ఎక్కడిది? మన పక్కనున్న తెలుగులోని "అని" చూసి దక్కనీ నేర్చుకున్నది. రెండు భాషలను పక్కపక్కన కూర్చోబెట్టి వాడుకునే తెలివి మన తాతముత్తాతల నాటినుంచీ ఉంది. పిఠాపురానికి చెందిన డాక్టర్ ఉమర్ ఆలీషా గారు తెలుగులో మహాకవి అనిపించుకున్నారు. కొరత తెలివిలో లేదు. మన పిల్లలకు ఎత్తి వ్రాయడం నేర్పాము, వ్రాయడం నేర్పలేదు.

కాలేజీలో జరిగేది ఏమిటి? బోర్డు మీద వ్యాసం, నోటు పుస్తకంలో వ్యాసం, పరీక్ష పేపర్లో అదే వ్యాసం. ఇప్పుడు గైడు కూడా అక్కర లేదు, ఫోను అడిగిన వెంటనే వ్రాసి పెడుతుంది. పిల్లవాడు పాసవుతాడు. కానీ తల్లి పింఛను ఆగిపోతే అర్జీ వ్రాయడానికి ఇంకొకరి దగ్గరికి పోతాడు.

ఈ పాపంలో నాకూ భాగం ఉంది, దాచుకోను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతిలో ఎర్రసిరా కలం ఉండేది. ఒక కుర్రవాడు వాళ్ళ ఊరి చెరువు తెగిన రాత్రి గురించి ఒక పేజీ సొంతంగా వ్రాసి తెచ్చాడు. నేను ప్రతి తప్పుకూ గీత పెట్టాను. పేజీ అంతా ఎర్రబడింది. చెరువు గురించి మాత్రం ఒక్క మాట అడగలేదు. తర్వాత వాడు సొంతంగా ఏమీ వ్రాయలేదు. గైడు చూసి వ్రాశాడు, తప్పులు లేవు, నేనే మంచి మార్కులు వేశాను. వాడికి నేను నేర్పింది ఏమిటో మీరే ఆలోచించండి.

ఇంగ్లీషు ఎట్లా నేర్పాలి అనే విషయం మీద హైదరాబాదులో 1958లోనే ఒక కేంద్ర సంస్థ పెట్టారు, 2007లో అది విశ్వవిద్యాలయమైంది. బయటి దేశాల్లోనూ పరిశోధన జరిగింది. జానెట్ ఎమిగ్ అనే ఆవిడ 1971లో, పిల్లలు వ్రాసి ఇచ్చిన కాగితం కాక, వ్రాసేటప్పుడు ఏం చేస్తున్నారో పక్కన కూర్చుని గమనించింది. 1972లో డొనాల్డ్ మర్రే అనే రచయిత, పూర్తయిన వ్యాసాన్ని దిద్దడం కాదు, వ్రాసే పనిని నేర్పండి అన్నాడు. 1983లో వివియన్ జమెల్ ఇంగ్లీషు రెండవ భాషగా గల ఆరుగురు కాలేజీ విద్యార్థులను పరిశీలించింది. బాగా వ్రాసేవాళ్ళు ముందు సంగతి చూసుకుని, మళ్ళీ మళ్ళీ వెనక్కి పోయి మార్చుకుంటూ, భాష చివర సరిచేసుకుంటున్నారు. వెనకబడినవాళ్ళు మొదటి వాక్యం నుంచే తప్పుల భయంతో ఆగిపోతున్నారు. 1996లో జాన్ ట్రస్కాట్ ఇంకా ముందుకు పోయి, వ్యాకరణం దిద్దడం వల్ల లాభం లేదు, మానెయ్యండి అన్నాడు. 1999లో డేనా ఫెర్రిస్ అది తగదని, సరైన పద్ధతిలో దిద్దితే మేలు ఉంటుందని జవాబిచ్చింది. ఆ వాదం అంతటితో తెగలేదు. నా అనుభవంలో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. దిద్దాలి. కానీ అన్నీ ఒకేసారి కాదు, మొట్టమొదటా కాదు.

ఇంత దూరం పోనక్కర లేదు, మన ఉదయగిరిలోనే ఈ పాఠం ఉంది. దుర్గం కొండ నుంచి నర్ది, కల్ది, బిక్కి కర్ర తెస్తారు. ముందు మొద్దును మోటుగా చెక్కుతారు. తర్వాత చెంచా ఆకారం తెస్తారు. తర్వాత ఆకురాయి, నునుపు, చివర పువ్వుల పని. మొద్దుకు మెరుగు పెట్టేవాణ్ణి ఎక్కడన్నా చూశారా? మేము కాలేజీలో చేసేది అదే.

ఆ చెంచాల పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఏం చేశానో చెబుతాను. ముందు "మీ నాయన పొద్దున లేచి ఏం చేస్తాడో నీ భాషలో చెప్పు" అన్నాను. ఇంట్లో మాట్లాడే ఉర్దూలో పది నిమిషాలు ఆగకుండా చెప్పాడు. అందులో ముఖ్యమైన మాటలు ఏ భాషలో వస్తే ఆ భాషలో వరసగా వ్రాసుకోమన్నాను. తర్వాత తప్పుల సంగతి మరిచిపోయి ఇంగ్లీషులో వ్రాయమన్నాను. తెలియని చోట తెలుగు మాటే పెట్టమన్నాను. అది మోటు చెక్కుడు.

రెండవసారి నేను కలం ముట్టుకోలేదు. ప్రశ్నలు మాత్రం అడిగాను. ఒక చెంచాకు ఎంతసేపు పడుతుంది? చెయ్యి తెగితే ఏం చేస్తారు? జవాబులు చేర్చి మళ్ళీ వ్రాశాడు. మూడవసారి వాక్యాల సంగతి చూశాం. మన తెలుగులో "కొండకు పోయి, కర్ర తెచ్చి, ఎండబెట్టి, చెక్కి అమ్ముతాడు" అని ఒక్క వాక్యంలో లాగేస్తాం. ఉర్దూలోనూ "జాకే, లాకే" అంటూ అంతే. ఇంగ్లీషులో దాన్ని మూడు, నాలుగు వాక్యాలు చెయ్యాలి. నాలుగవసారి రెండే రకాల తప్పులు చూశాం. ఒకటి "కార్వ్" అన్నచోట "కార్వ్స్" అనడం. రెండవది "ది" అనే మాట. అటువంటి మాట తెలుగులోనూ లేదు, ఉర్దూలోనూ లేదు. అది జారిపోవడం మొద్దుతనం కాదు, సహజం. మిగతా తప్పులు వచ్చే వారానికి వదిలేశాను.

చివరికి పది వాక్యాలు తయారైనాయి. మొదటి వాక్యం "మై ఫాదర్ కార్వ్స్ స్పూన్స్". తప్పులు ఇంకా రెండు, మూడు ఉన్నాయి. కానీ చదివితే ఆ మనిషి కండ్ల ముందు కనిపించాడు. పిల్లవాడు దాన్ని ఇంటికి తీసుకుపోయి ఉర్దూలో అర్థం చెప్పాడట. వాళ్ళ నాయన ఆ కాగితాన్ని మడిచి పెట్టెలో దాచుకున్నాడని తర్వాత తెలిసింది.

కాబట్టి పెద్దలకు నా విన్నపాలు ఇవి. మొదటిది, ఉపకార వేతనం దరఖాస్తులో పిల్లవాడు ఏ భాషలో వ్రాసినా, తప్పులున్నా, సొంతంగా వ్రాసింది తీసుకోండి. ఎత్తి వ్రాసింది తప్పుల్లేకపోయినా తిప్పి పంపండి. రెండవది, ఆదివారం రెండు గంటలు ఉదయగిరిలో ఒకచోట, ఆత్మకూరులో ఒకచోట వ్రాత తరగతి పెట్టండి. పెద్ద ఖర్చు లేదు. చాప, కాగితాలు, ఓపికగల మనిషి ఒకరు ఉంటే చాలు. ఆడపిల్లలకు అనువైన వేళ చూడండి. వాళ్ళు రాలేని తరగతి సగం తరగతే. మూడవది తల్లులకు. అమ్మా, "నాకు చదువు రాదు, నేనేం సాయం చేస్తాను" అనుకోవద్దు. మీరు బిర్యానీ చేసే పద్ధతి, మీ చిన్ననాటి సంగతి మీ మాటల్లో చెప్పండి. పిల్ల దాన్ని తెలుగులో వ్రాస్తుంది, తర్వాత ఇంగ్లీషులో వ్రాస్తుంది. అదే పాఠ్యపుస్తకం. నాలుగవది నాతోటి ఉపాధ్యాయులకు. ఎర్రసిరా పట్టుకునే ముందు ఒక్క ప్రశ్న వ్రాయండి. "తర్వాత ఏమైంది?" అని అడగండి చాలు.

చెరువు గురించి నేను ఆ కుర్రవాణ్ణి అడగని ప్రశ్న అదే. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలియదు. ఆ ప్రశ్న మీ పిల్లల్నయినా అడిగితే నా బాకీ కొంత తీరుతుందని ఆశ.