మీ కాంపౌండ్ గోడ కింద కన్నంలో ఎవరున్నారు?

ఈ ఎపిసోడ్ తార్నాక, హబ్సిగూడ, ఓయూ క్యాంపస్ వైపు ఉండేవాళ్ళకి బాగా పనికొస్తుంది. మిగతావాళ్ళూ వినండి, కన్నాలు లేని కాలనీ హైదరాబాద్‌లో లేదు కదా.

ఇంటి పక్కన ఏదైనా జంతువు బొరియ చేస్తే ఏం చెయ్యాలి అని నేను యూట్యూబ్‌లో వెతికితే, వరసగా అమెరికా వీడియోలే వచ్చాయి. అన్నీ స్కంక్ గురించి. నల్లటి ఒళ్ళు, వీపు మీద తెల్ల చారలు, భయపడితే కంపు రసం చిమ్ముతుంది. అది మన దేశంలో లేదు. కానీ వాళ్ళు వాడే పద్ధతి మనకీ పనికొస్తుంది: ముందు లోపల ఎవరున్నారో తెలుసుకోవాలి, తర్వాతే మూయాలి. నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లోనూ ఇదే రూల్. లాగ్ చూడకుండా కోడ్ మీద చెయ్యి వెయ్యకూడదు.

మన దగ్గర ముఖ్యంగా నాలుగు ఉన్నాయి.

ఒకటి, పందికొక్కు. గోడ మొదట్లో, డ్రైనేజీ పక్కన, సంపు దగ్గర కన్నం, దాని ముందు కొత్తగా తోడిన మట్టి కుప్ప. దారులు ఒకటి కంటే ఎక్కువే ఉంటాయి. పగలు కొన్ని దారులు మట్టితో మూసేసి కూడా ఉంటాయి. సరదా విషయం ఏంటంటే, ఇంగ్లీషులో 'బాండికూట్' అనే మాట మన 'పందికొక్కు' నుంచే పోయింది. 1996లో వచ్చిన క్రాష్ బాండికూట్ గేమ్ ఆడారా? ఆ పేరులో ఉన్నది మన తెలుగు మాటే.

రెండు, పాము. పాము కన్నం తవ్వదు. పందికొక్కు తవ్వినదాంట్లో దూరుతుంది, ఎందుకంటే ఇల్లూ అక్కడే, భోజనమూ అక్కడే. దగ్గర్లో కుబుసం కనిపిస్తే జాగ్రత్త. అది జెర్రిపోతు అయితే విషం లేదు, నాగుపాము అయితే ఉంది. తేడా మీరు తేల్చొద్దు.

మూడు, ముంగిస. ఇది పగలే తిరుగుతుంది కాబట్టి కళ్ళకి కనిపిస్తుంది. ఎలుకల్నీ పాముల్నీ తింటుంది. దాన్ని తరమాల్సిన పనే లేదు.

నాలుగు, మానుపిల్లి. చాలామంది దీన్నీ పునుగుపిల్లి అనే అంటారు. ఇది నేలలో ఉండదు. పాత ఇళ్ళ అటకల్లో, ఫాల్స్ సీలింగ్ పైన ఉంటుంది. రాత్రి పైన దబదబ అడుగుల చప్పుడు, పొద్దున డాబా మీద పండ్ల గింజలు కలిసిన రెట్ట కనిపిస్తే అదే. 1972 వన్యప్రాణి చట్టం కింద దీనికీ, ముంగిసకీ రక్షణ ఉంది. చంపితే కేసే.

ఇప్పుడు టెస్ట్. సాయంత్రం కన్నంలో పాత పేపర్ ఉండలు వదులుగా పెట్టండి. చుట్టూ ముగ్గుపిండి పల్చగా చల్లండి. గోధుమపిండి వద్దు, అది తిండి అయిపోతుంది. పొద్దున ఫోటో తీయండి. చిన్న పాదాల గుర్తులా? పాకిన గీతలా? మూడు రాత్రులు పేపర్ కదలకపోతే ఖాళీ అన్నట్టే. చెయ్యి, కర్ర మాత్రం లోపల పెట్టొద్దు. పేపర్ కదిలిందంటే ఆగండి. లోపల పిల్లలు ఉండొచ్చు. దారి మూసేస్తే అవి చస్తాయి, ఆ వాసన వారం రోజులు మీకే.

ఖాళీ అని తేలాక మట్టి పోసి వదిలేయకండి, మళ్ళీ తవ్వుతుంది. అరంగుళం కంటే చిన్న కన్నాలున్న ఇనప జాలీని అడుగు లోతు దించి, కింది అంచు బయటివైపు వంచి, పైన రాళ్ళూ సిమెంటూ వెయ్యండి. డ్రైనేజీ నోటికీ జాలీ పెట్టండి.

మందు పెట్టేద్దాం అంటారు కదా, అసలు పాయింట్ ఇక్కడే ఉంది. తార్నాకలో పాత ఇళ్ళు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. ఐదో అంతస్తు నుంచి చెత్త కవర్ కింద పడుతుంది. పావురాలకి జొన్నలు చల్లేదీ మనమే, కుక్కలకి పెట్టిన అన్నం రాత్రంతా వదిలేసేదీ మనమే. పందికొక్కు వచ్చేది దానికోసం. కానీ ఆ కన్నం పక్కన సెల్లార్ గదిలో నేల మీద పడుకునేది వాచ్‌మెన్ కుటుంబం. ఎలుకల మందు ముక్క దొరికేది వాళ్ళ పిల్లలకి. పాము వస్తే ముందు వచ్చేది వాళ్ళ గదిలోకే. మందు తిన్న ఎలుకని తిని గుడ్లగూబలూ పిల్లులూ కూడా చస్తాయి, అంటే ఎలుకల్ని ఫ్రీగా పట్టేవాళ్ళని మనమే తీసేసినట్టు.

ఓయూ క్యాంపస్ వేరే లెక్క. వెయ్యి ఎకరాలకి పైనే ఉన్న ఆ నేలలో నెమళ్ళు, ముంగిసలు, పాములు ఉంటాయి. పొదల్లో కన్నం కనిపిస్తే అది వాళ్ళ అడ్రస్, వదిలేయండి. హాస్టల్ గది గోడకి ఆనుకుని ఉంటేనే వార్డెన్‌కి చెప్పండి. మెస్ వెనక ఎంగిలి పారబోసే చోటు శుభ్రంగా ఉంచితే సగం పని అయిపోతుంది.

పాము కనిపిస్తే కొట్టొద్దు, వీడియో కోసం దగ్గరికి పోవద్దు. దూరంగా నిలబడి కళ్ళతో కనిపెట్టి ఉండండి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి ఫోన్ చెయ్యండి, హైదరాబాద్‌లో పాముల్ని పట్టి వదిలేది వాళ్ళే. కాటు పడితే కోయొద్దు, తాడు కట్టొద్దు, పసరు వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి వెళ్ళండి.

ఈ వారం ఒక్క పని చెయ్యండి. టార్చ్ వేసుకుని కాంపౌండ్ గోడ చుట్టూ ఒక రౌండ్ వెయ్యండి. అంతకంటే ముందు వాచ్‌మెన్ అన్నని అడగండి, ఏ కన్నం ఎక్కడుందో ఆయనకి ఎప్పుడో తెలుసు. జాలీకీ సిమెంటుకీ అయ్యే ఖర్చు అసోసియేషన్ మీటింగులో పెట్టించండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.