సంతకం ఎవరిది?



నాలుగేళ్ళ క్రితం మామోగ్రామ్‌లో నా ఎడమ రొమ్ములో సున్నపు చుక్కలు కనిపించాయి. చేతికి గడ్డ తగల్లేదు, నొప్పీ లేదు. బయాప్సీ చేసి ‘డి.సి.ఐ.ఎస్‌.’ అన్నారు. డాక్టరుగారు ఆ మాట నాతో కాదు, మా ఆయనతో చెప్పారు. “ఎల్లుండి రొమ్ము తీసేద్దాం, సంతకం పెట్టండి” అన్నారు.

రిపోర్టు తీసుకుని ఇంటికొచ్చేశాను. ఇంకో డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. ఈ కణాలు పాలనాళాల లోపలే ఉంటాయి. కొన్ని ఎప్పటికీ గోడ దాటవు, కొన్ని దాటతాయి. ఏవి దాటతాయో ముందే కచ్చితంగా చెప్పలేరు. అందుకే వైద్యం కావాలి. కానీ ఆలోచించుకోవడానికి కొన్ని వారాల వ్యవధి ఉంటుంది. కొద్దిమేరే ఉంటే అంతవరకు తీసి, సాధారణంగా రేడియేషన్‌ ఇస్తారు. ఎక్కువమేర ఉంటే రొమ్ము తీయవలసి రావచ్చు. కీమోథెరపీ అక్కర్లేదు. నాకు కొద్దిభాగం తీసి రేడియేషన్‌ ఇచ్చారు.

2024లో వెలువడిన అమెరికా ‘కామెట్‌’ అధ్యయనం, ప్రమాదం తక్కువున్న రకంలో వెంటనే కోయకుండా జాగ్రత్తగా గమనిస్తూ ఉన్నా, రెండేళ్ళలో పాకే క్యాన్సర్‌ ఎక్కువేమీ కాలేదని చూపింది. రెండేళ్ళ ఫలితమే కాబట్టి అదే తుదిమాట కాదు.

మరి సంతకం? ప్రాణాపాయం లేనప్పుడు, నిర్ణయించుకోగల స్త్రీకి బదులు కన్నతల్లి ఇచ్చిన సమ్మతి కూడా చెల్లదని 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పరీక్షకిచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి సమ్మతి కాదని కూడా చెప్పింది.

మీరు ఎవరికైనా తోడుగా ఆస్పత్రికి వెళ్తే అడిగించండి: ఎంతమేర ఉంది? గ్రేడు ఎంత? తీసిన ముక్క అంచుల్లో ఏమైనా మిగిలిందా? జవాబులు ఆమెకే చెప్పమనండి. సంతకం ఆమెనే పెట్టనివ్వండి.