ఇరువది మూడు బడుల పంతులమ్మ



గ్రామములలో తిరుగునప్పుడు మాకు తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "మా ఊరికి మంచి పంతులమ్మ దొరికినది, ఇక బడి సంగతి మేము చూడనక్కరలేదు" అని పెద్దలు సంతోషముగా చెప్పుచుందురు. వారి సంతోషమును మేము కాదనము. కాని ఆ మాటలోని రెండవ సగము మాకు రుచింపదు. ఎందుకు రుచింపదో తెలుపుటకై ఈ దినమున ఒక దూరదేశపు పల్లె ఉపాధ్యాయిని చరిత్రను మీ ముందుంచుచున్నాము. ఆమె పేరు వర్జీనియా ఎస్టెల్ రాండాల్ఫు. పుట్టినది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, రిచ్‌మండు నగరములో.

ఆమె తలిదండ్రులు బానిసలుగా బ్రదికినవారు. అమెరికాలో బానిసత్వము 1865లో రద్దయ్యెను. ఈమె 1870 ప్రాంతమున జన్మించెను. సంకెలలు తెగినను నల్లజాతివారి బిడ్డలకు వేరు బడులు, తెల్లవారి బిడ్డలకు వేరు బడులు ఉండెడివి. రెంటికిని ప్రజల పన్నుల సొమ్మే ఆధారము, పంపకము మాత్రము సమానము కాదు. పదునారవ యేటనే ఉపాధ్యాయినియైన ఈమె 1892లో హెన్రైకో కౌంటీలోని మౌంటెన్ రోడ్డు బడికి వచ్చెను. కౌంటీ యనగా మన జిల్లా వంటిదని తలంపుడు.

ఆ బడి ఒక్క గది. పై అధికారులు బాగుచేయుదురని ఆమె ఎదురుచూడలేదు. తన చిన్న జీతములోనుండియే సొమ్ము తీసి ఆవరణలో కంకర పోయించి, గోడలకు సున్నము వేయించి, పూలమొక్కలు నాటించెను. చదువుతోపాటు కుట్టుపని, వంట, తోటపని, అడవితీగలతో బుట్టలల్లుట నేర్పసాగెను.

తలిదండ్రులకు కోపము వచ్చినది. తాము పిల్లలను పుస్తకములు చదువుటకు పంపితిమి గాని పనులు చేయుటకు కాదని వారి వాదము. ఆ వాదమును మనము తేలికగా త్రోసివేయరాదు. తరతరములుగా పరులకు ఊడిగము చేసినవారు తమ బిడ్డల చేతికి పలకయే కావలెనని కోరుట సహజము. చేతిపనుల విద్యకు అధిక ప్రాధాన్యమిచ్చినచో తమ జాతి క్రిందనే ఉండిపోవునని డ్యూబాయి వంటి ఆ జాతి విద్వాంసులును ఆనాడు హెచ్చరించుచుండిరి. పంతులమ్మ వారితో తగవు పెట్టుకొనలేదు. ఇంటింటికి నడచి వెళ్లెను. తల్లులతో కూర్చుండి మాటలాడెను. ఆమె బాప్తిస్టు సంఘమునకు చెందిన భక్తురాలు. ఆదివారములందు ఆ బడిలోనే పిల్లలకు బైబిలు పాఠములు చెప్పుచుండెను. వారమంతయు అక్షరములు చెప్పిన గది ఆదివారము ప్రార్థనాస్థలమగుటతో, బడి తమదేనన్న భావము పెద్దలకు క్రమముగా కలిగినది.

1908 మార్చిలో వృక్షదినోత్సవము జరిపి, పిల్లలచేత పండ్రెండు సికమోరు చెట్లు నాటించి, వాటికి క్రీస్తు శిష్యులు పండ్రెండుగురి పేర్లు పెట్టెను.

ఈ పనులన్నియు కౌంటీ పాఠశాలల పర్యవేక్షకుడు జాక్సన్ డేవిసు కంటబడెను. అంతకు ముందటి యేడు ఫిలడెల్ఫియా నగరపు క్వేకరు మతస్థురాలు అన్నా జీన్సు నల్లజాతివారి పల్లె బడుల కొరకు పది లక్షల డాలర్లు దానమిచ్చియుండెను. ఆ నిధి సాయముతో 1908 అక్టోబరులో రాండాల్ఫు పంతులమ్మ కౌంటీలోని 23 బడులకు సంచార ఉపాధ్యాయినిగా నియమితురాలయ్యెను. అటువంటి ఉద్యోగము ఆమెతోనే మొదలైనది.

ఆమె పనిచేసిన తీరు మీవంటివారు ముఖ్యముగా గమనింపదగినది. ఇరువదిమూడు బడులకు ఒకే ఉత్తరువు ఆమె వ్రాయలేదు. బండి కట్టించుకొని ప్రతి బడికిని వెళ్లి, ఆ ఊరికి లోటేమో అక్కడనే కూర్చుండి తెలిసికొనెడిది. ఒకచోట కంచె కావలెను, మరియొకచోట గోడలకు సున్నము కావలెను, ఇంకొకచోట అక్కడి ఉపాధ్యాయినికి కుట్టుపని నేర్పవలెను. ప్రతిచోటను తలిదండ్రులను సంఘముగా కూర్చి, పని వారి చేతనే చేయించెడిది. ఆమె వ్రాసిన మొదటి సంవత్సరపు నివేదికను జీన్సు నిధివారు అచ్చువేయించి దక్షిణ రాష్ట్రముల విద్యాధికారులకు పంపిరి. దానికి హెన్రైకో పద్ధతి యని పేరు వచ్చెను. ఆమె వెనుక ఎందరో జీన్సు ఉపాధ్యాయినులు బయలుదేరిరి. ఆ ఏర్పాటు అమెరికాలో 1968 వరకు సాగెను. 1925లో ఆఫ్రికాలోని కెన్యాదేశమున కబేటెలో జీన్సు పాఠశాల వెలసినది.

1915లో ఆమె పేరిట ఒక శిక్షణ పాఠశాల ఏర్పడెను. దూరపు పల్లెల పిల్లలకు రాకపోకల సౌకర్యము లేనందున వారిలో ఎందరినో ఆమె తన ఇంటనే ఉంచుకొని పోషించెను. 1929లో ఆ పాఠశాల అగ్నికి ఆహుతియయ్యెను. ఆమె క్రుంగిపోయినను విడిచిపెట్టలేదు. మరల ఇటుకలతో కట్టించిరి. 1949లో ఆమె ఉద్యోగవిరమణ చేసెను. బడులలో జాతి వేర్పాటు రాజ్యాంగవిరుద్ధమని అమెరికా సుప్రీము కోర్టు 1954లో తీర్పు చెప్పునాటికి ఆమె జీవించియే యుండెను. 1958లో కన్నుమూసెను. 1970లో ఆమె స్మారకముగా వస్తుప్రదర్శనశాల నెలకొల్పిరి.

ఇంతవరకు విన్నవారు ఎంతటి త్యాగమని మెచ్చుకొందురు. మేమును మెచ్చుకొనుచున్నాము. అయితే ఆ కంకరకు సొమ్ము ఎవరు ఇయ్యవలసియుండెను? కౌంటీ పెద్దలు ఇయ్యవలసియుండెను. పన్ను వసూలు చేసినవారు వారు, ఖర్చు పెట్టినది పంతులమ్మ. ఆమె ఔదార్యము వారి లోభమును కప్పిపుచ్చినది. మన ఊరి పంతులమ్మ సుద్దముక్కలకు, చీపురుకు, త్రాగునీటి కుండకు తన సంచిలోని సొమ్ము తీయుచున్నచో అది ఆమెకు కీర్తియే, పంచాయతీకి మాత్రము కాదు.

మన రాజ్యాంగమున 1992 నాటి 73వ సవరణతో చేర్చిన పదునొకండవ షెడ్యూలులో ప్రాథమిక విద్యయు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో నొకటిగా నున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు పిల్లల తలిదండ్రులు, సంరక్షకులే ఉండవలెను. సభ్యులలో సగము మంది స్త్రీలు కావలెను. కమిటీలో స్థానిక సంస్థ ప్రతినిధులకును చోటున్నది. మీ బడి కమిటీ కడపట ఎప్పుడు కూడినదో, ఆ సంవత్సరము బడికి వచ్చిన సొమ్మెంతయో, పంతులమ్మ చేతినుండి పోయినదెంతయో ప్రధానోపాధ్యాయుని అడిగి తెలిసికొని, ఆ అంకెలను వచ్చు పంచాయతీ సమావేశపు పుస్తకమున వ్రాయింపుడు. కమిటీ నియమములను గూర్చి సందేహములున్నచో మండల విద్యాధికారి మీకు చెప్పగలరు.