విడిపించడం: పుణ్యమా, నేరమా?

(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, వకీళ్ళం కాము. అయినా ఈ రోజు చట్టంలోని ఒక మాట గురించి మాట్లాడదలిచాము. ఆ మాట 'విడిపించడం'. మన ఇళ్ళల్లో ఇది సవాబు తెచ్చే మాట. జకాత్ సొమ్ము ఖర్చుపెట్టవలసిన ఎనిమిది పద్దుల్లో బానిసల విముక్తి ఒకటి. కాని అదే మాట చట్టంలో నేరంగా కూడా కనిపిస్తుంది.

పెద్దలకు బందెలదొడ్డి గుర్తుండే ఉంటుంది. ఎద్దు పక్కవాడి చేలో పడితే పట్టి దొడ్డికి తోలేవారు. జరిమానా, మేత ఖర్చు కట్టి తెచ్చుకోవాలి. "నా ఎద్దే గదా" అని రాత్రిపూట దొడ్డి తలుపు తీసి తోలుకుపోతే? 1871 నాటి పశువుల చట్టం 24వ సెక్షన్‌లో దానికి ఆరు నెలల దాకా ఖైదు, లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని రాశారు. దొడ్డికి తోలుతుండగా దారిలో లాక్కున్నా అంతే. ఎద్దు మనదే, అయినా నేరమే.

మనిషి విషయమూ ఇంతే. పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో ఇది 225వ సెక్షన్. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 263. ఏదైనా నేరం కింద చట్టప్రకారం పట్టుకున్న మనిషిని విడిపించినా, విడిపించబోయినా రెండేళ్ళ దాకా ఖైదు, లేదా జరిమానా, లేదా రెండూ. అతని మీద మోపిన నేరం పెద్దదైతే ఈ శిక్షా పెరుగుతుంది. ఉరిశిక్ష పడగల నేరమైతే ఏడేళ్ళ దాకా పోతుంది.

కొన్నేళ్ళ కిందట మా దగ్గర చదివిన కుర్రవాడొకడు బజారులో కొట్లాడాడు. కానిస్టేబుల్ పట్టుకుపోతుంటే నలుగురు స్నేహితులు అడ్డం పడి, చేయి లాగి, వాణ్ణి తప్పించారు. ఆ రాత్రి వీధంతా వాళ్ళను మెచ్చుకున్నది. తెల్లవారేసరికి అయిదిళ్ళ మీద కేసు. సాయంత్రానికి జామీను మీద ఇంటికి రావలసినవాడికి పారిపోయిన నేరం అదనంగా చుట్టుకున్నది. మిగతా నలుగురికి ఏళ్ళ తరబడి వాయిదాలు. వాళ్ళలో ఒకడి తల్లి మమ్మల్ని అడిగింది: "మాస్టర్ సాబ్, మావాడు దోస్తును కాపాడాడు గదా, తప్పేమిటి?" మాకు జవాబు తోచలేదు. లెక్కలు, భూగోళం చెప్పాము గాని, ఈ సంగతి ఏనాడూ చెప్పలేదే అని సిగ్గుపడ్డాము.

"మరి పోలీసులే అన్యాయంగా పట్టుకుంటే?" అని యువకులు అడుగుతారు. సరైన ప్రశ్నే. చట్టం చెప్పేది చట్టబద్ధమైన కస్టడీ గురించే. కాని అది చట్టబద్ధమా కాదా అని తేల్చేది కోర్టు, వీధిలో గుంపు కాదు. ఉద్యోగి సద్భావంతో డ్యూటీ చేస్తున్నప్పుడు, చావు గాని పెద్ద గాయం గాని తగులుతుందన్న భయం లేకపోతే, అతని పనిలో చిన్న లోపమున్నా చేయెత్తే హక్కు మనకు లేదు.

అలాగని చేతులు కట్టుకుని కూర్చోమనడం లేదు. మన చేతిలో ఉన్నవి తక్కువేమీ కావు. రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. అరెస్టు కాగితం రాయాలని, అయినవాళ్ళకు కబురు చేయాలని డి.కె. బసు కేసులో 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కస్టడీలో ఉన్నవాడికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆదాయం ఎంతని చూడరు. మనిషిని అక్రమంగా నిర్బంధిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయవచ్చు.

ఉర్దూలో 'ఛీన్ లేనా' అంటే లాక్కోవడం. 'రిహాయీ' అంటే విడుదల. మన పిల్లలకు ఈ తేడా నేర్పాలి.

చివరిగా సొసైటీకి ఒక మనవి. ఆపదలో జామీను నిలబడేవారి పేర్లు, ఇంటి పన్ను రసీదులు ఎవరెవరి దగ్గర ఉన్నదీ, సాయపడే వకీళ్ళ పేర్లు ఒక రిజిస్టరులో రాసి పెట్టుకుందాము. మొదటి పేరు మాది రాసుకోండి. రాత్రి పన్నెండింటికి తలుపు తట్టినా కాగితాలు పట్టుకుని వస్తాము. ఆ నలుగురు కుర్రాళ్ళకు ప్రేమ తక్కువ కాలేదు, దారి చెప్పేవారే లేకపోయారు.