త్రిభుజముల నుండి గోడ వరకు

(తలిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన అంచెట్టి ప్రాంతమునుండి హోసూరునకును, బెంగుళూరునకును కట్టడపు పనులకు పోవువారు కలరు. అక్కడి పెద్ద కట్టడముల పటములు నేడు కంప్యూటరులో తయారగుచున్నవి. “ఆ విద్య మన బిడ్డలకు అందునా? గణితమును తెలుగులో చదివినవారు దానిని గ్రహింపగలరా?” అని తలిదండ్రులు మమ్ము అడుగుచుందురు. ఆ విద్యలోని ఒక్క పనిని తీసికొని, అది ఎట్లు నడచునో విన్నవించి, పిదప మా జవాబు చెప్పెదము.

దానికి బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్ అని పేరు. కట్టడపు రూపమునే గాక, అందలి ప్రతి భాగమును గూర్చిన వివరములను కూడ ఒక్కచోట కూర్చుట దాని ఉద్దేశము. ఇది గోడ, దీని మందము ఇంత, ఇది ఇటుకతో కట్టినది, దీనికి ఇన్ని తలుపులు కలవు అని కంప్యూటరునకు తెలియవలెను. ఇట్టి ఆలోచనను 1975లో అమెరికాలో ఛార్లెస్ ఈస్ట్‌మన్ అను ఆచార్యుడు ప్రకటించెను. ఒకరు సిద్ధపరచిన వివరములను మరియొకరి కంప్యూటరు చదువుకొనుటకై ఏర్పడిన ఐ.ఎఫ్.సి. అను ఉమ్మడి పద్ధతి 2013లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను.

ఇదివరకే నిలిచియున్న కట్టడమును కంప్యూటరులోనికి ఎక్కించుట ఎట్లు? లేసరు యంత్రమును గదిలో నిలిపిన యెడల, అది నలుదెసలకు కిరణములను పంపి, ఎదుటనున్న లక్షలాది బిందువుల దూరములను కొలుచును. ఆ బిందువులను మూడేసి చొప్పున కలిపినచో త్రిభుజములతో అల్లిన వల యొకటి ఏర్పడును. చూచుటకు అది గదివలెనే యుండును. కాని కంప్యూటరునకు అందు గోడయు లేదు, నేలయు లేదు, అన్నియు త్రిభుజములే. 4 మీటరుల పొడవు, 3 మీటరుల ఎత్తు గల గోడను, లంబకోణమునకు ఇరుప్రక్కల 5 సెంటీమీటరుల భుజములు గల త్రిభుజములుగా విభజించినచో 9,600 త్రిభుజములగును. మనకు కావలసినదో, నాలుగు మూలలు గల ఒక్క దీర్ఘచతురస్రము.

కావున మొదటి పని వర్గీకరణము. ప్రతి త్రిభుజమునకు లంబముగా ఒక రేఖ గీయుదురు. ఆ రేఖ పైకి చూచినచో అది నేల కావచ్చును. క్రిందికి చూచినచో పైకప్పు లోపలి భాగము కావచ్చును. ప్రక్కకు చూచినచో గోడ కావచ్చును. మేస్త్రీ రసమట్టముతోను, మూలమట్టముతోను పరీక్షించునదియు ఇదియే గదా!

రెండవ పని విలీనము. ఒకే భుజమును పంచుకొను రెండు త్రిభుజముల లంబములు ఇంచుమించు ఒకే దిక్కునకు చూచినచో వానిని ఒక గుంపున చేర్చుదురు. దిక్కు ఒక్కటి చాలదు. పక్కపక్క గదుల గోడలు రెండును తూర్పునకే చూడవచ్చును; అవి ఒక గోడ కావు. ఇరుగు పొరుగు అయినంత మాత్రమునను చాలదు. గుండ్రని స్తంభముపై ప్రతి త్రిభుజమును పొరుగుదానితో ఇంచుమించు ఏకీభవించును. అట్లే చేర్చుకొనుచు పోయినచో స్తంభము చుట్టును తిరిగివత్తుము. అందుచేత క్రొత్త త్రిభుజమును పొరుగుదానితోనే గాక, గుంపు మొత్తము యొక్క తలముతోను పోల్చి చూడవలెను.

ఎంత భేదమును సహింపవలెనన్నది మిక్కిలి కీలకమైన నిర్ణయము. తక్కువగా సహించినచో పూతలోని ప్రతి గరుకును వేరు గోడయై నిలుచును. ఎక్కువగా సహించినచో గోడతో సమముగా నున్న తలుపును గోడయే మ్రింగివేయును. పిమ్మట, ఎదురెదురు దిక్కులకు చూచుచు 23 సెంటీమీటరుల ఎడముగా నిలిచిన రెండు తలములను జతచేసినచో, తొమ్మిది అంగుళముల గోడ ఒకటి దొరకును. అయినను ఆ గోడ పైకప్పు బరువును మోయుచున్నదా, లేక కేవలము అడ్డుగోడయా అన్నది రూపమును బట్టి తేలదు. దానిని తెలిసిన మనిషియే చెప్పవలెను. అక్కడ పొరపడి గోడను తొలగించినచో ప్రాణములకే అపాయము.

త్రిభుజములతో లోకమును కొలుచుట మన సీమకు క్రొత్త గాదు. 1802లో విలియం లాంబ్టన్ చెన్నపట్టణపు సెంట్ థామస్ మౌంటు చెంత ఒక ఆధారరేఖను కొలిచి, అక్కడనుండి త్రిభుజముల వరుసలను ఈ పీఠభూమి మీదుగా పడమటి సముద్రము వరకు నడిపెను. 1804లో బెంగుళూరు వద్ద మరియొక రేఖను నేలపై కొలిపించి, త్రిభుజముల లెక్కతో సరిచూచెను. ఏడు మైళ్ళకు మించిన రేఖలో వచ్చిన భేదము కొద్ది అంగుళములే. లెక్కను నేలతో సరిచూచుకొను ఆ అలవాటే నేటి యంత్రవిద్యకును ప్రాణము.

ఇక మా జవాబు. త్రిభుజము, లంబము, కోణము, తలము, ఉమ్మడి భుజము: ఇంతవరకు మేము వాడిన మాటలలో ముఖ్యమైనవి ఇవియే. ఇవన్నియు మన పిల్లలు రేఖాగణితములో తెలుగున నేర్చుకొను మాటలే. ఆంగ్ల పదములను వారు కాలక్రమమున నేర్వవలసినదే, తమిళమును నేర్వవలసినదే. కాని లంబమనగానేమో తన భాషలో తెలిసిన బిడ్డకు ఆ క్రొత్త పదము ఒక్క దినపు పని. ఏ భాషలోను తెలియని బిడ్డకు అది వట్టి కంఠపాఠము. కనుక భాషను చూచి భయపడి బిడ్డను బడి మార్చుటకు ముందు, లెక్క వానికి అర్థమైనదా లేదా అని విచారింపుడని మా మనవి.

మరియొక కోరిక. ఈ పాఠశాల గదులను పిల్లలచేతనే కొలిపించి పటము గీయింపదలచినాము. మీలో కట్టడపు పని తెలిసినవారు రసమట్టమును, మూలమట్టమును వెంటబెట్టుకొని ఒక పూట వచ్చి, పిల్లల ప్రక్కన నిలువవలెను. పుస్తకములోని లంబము గోడమీద ఎట్లుండునో మాకంటె మీరే చక్కగా చూపగలరు.