పాత కంప్యూటర్‌కు పోస్టింగ్ ఆర్డరు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ముప్పై ఏళ్ళకు పైగా ఫైళ్ళు రాసిన గుమాస్తాను, ఇంజనీరును కాను. "మీరు ఇంట్లో చేసుకున్నదే చెప్పండి" అని కార్యదర్శిగారు అన్నారు గనుక ధైర్యం చేస్తున్నాను.

మా ఇంట్లో 2011 నాటి లాప్‌టాప్ ఒకటి ఉంది. ఇంటెల్ కోర్ ఐ3, రెండవ తరం. విండోస్‌తో నత్తనడక నడుస్తుంటే మా మనవడు డెబియన్ 12 అనే ఉచిత లినక్స్ వేసి, బరువు పెరగకూడదని అత్యవసరమైన సాఫ్ట్‌వేర్ మాత్రమే పెట్టి వెళ్ళాడు. ఉత్తరాలకు, పెన్షన్ స్లిప్పులకు లోటు లేదు. చిక్కల్లా వీడియోల దగ్గరే వచ్చింది.

మా ఆవిడ పోయిన సంవత్సరం కాలం చేసింది. అంతకు ముందు సంక్రాంతికి అరిసెల పాకం ఎప్పుడు దించాలో ఆమె కోడలికి చెబుతుండగా మా అబ్బాయి ఫోనులో తీశాడు. పదకొండు నిమిషాలు. లాప్‌టాప్‌లో పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. మాట ముందు, పెదవులు తరువాత. పాకం ముదురు చేత్తో చూపించే ఘట్టం దాటిపోయేది. "పాత సామానుకు వేసి కొత్తది కొనండి" అన్నాడు దుకాణం అతను. కారణం రాయకుండా దేన్నీ రైటాఫ్ చేసే అలవాటు నాకు లేదు.

కారణం ఇది. ఆ వీడియోలో ఒక్కొక్క బొమ్మకు అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600 చుక్కలు. సెకనుకు 60 బొమ్మలు. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలు. వీటిని హెచ్.264 అనే పద్ధతిలో నొక్కి చిన్న ఫైలుగా కట్టి ఉంచుతారు. ఆ కట్టు విప్పడానికి ఇంటెల్ చిప్పులోనే ప్రత్యేక విభాగం ఉంది. కాని మా యంత్రంలో ప్రధాన ప్రాసెసరే అంతా విప్పుతోంది. పక్క సీటులో ఆ పనికే వేసిన గుమాస్తా ఖాళీగా కూర్చుంటే, సూపరింటెండెంటు తానే తపాలంతా చింపుతున్నట్టు!

ఎందుకని? గుమాస్తాకు ఆర్డరు అందలేదు. ఆ ఆర్డరు పేరు డ్రైవర్. డెబియన్‌లో "సిఫారసు చేసిన" ప్యాకేజీలు వద్దంటే వీడియో లైబ్రరీ వస్తుంది గాని డ్రైవర్ రాదు. మావాడు బరువు తగ్గించబోయి దాన్నే వదిలేశాడు.

నేను చేసిన పని క్రమంగా చెబుతాను. మొదట విఎ-ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రాం పెట్టి నడిపాను. డ్రైవర్ తెరవలేకపోయానని జవాబు వచ్చింది. ఐ965-విఎ-డ్రైవర్ అనే ప్యాకేజీ వేశాను. 2014 తరువాతి ఇంటెల్ యంత్రాలకు ఇంటెల్-మీడియా-విఎ-డ్రైవర్ వేసుకోవాలి. మళ్ళీ నడిపితే రూట్ పేరున పలికింది, నా పేరున పలకలేదు. నా పేరును "రెండర్" అనే గ్రూపులో చేర్చి, బయటికి వచ్చి తిరిగి లాగిన్ అయ్యాను. అప్పుడు హెచ్.264 పేరుతో వరుసలు కనిపించాయి. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడిందన్నమాట.

అంతటితో పని పూర్తి కాలేదు. వీడియో చూపే ఎంపివి ప్రోగ్రాం తనంత తాను ఆ విభాగానికి పని ఇవ్వదు. దాని సెట్టింగుల ఫైలులో "హెచ్‌డబ్ల్యుడెక్ ఈక్వల్స్ విఎఎపిఐ" అని ఒక్క వరుస ఇంగ్లీషులో రాయాలి. వీడియో నడుస్తుండగా "ఐ" అక్షరం నొక్కితే పని ఎవరు చేస్తున్నారో తెరమీద కనబడుతుంది.

ఒక హెచ్చరిక. ఆ గుమాస్తాకు తెలిసిన భాషలే తెలుసు. కొత్త ఫోన్లు వాడే హెచ్ఇవిసి పద్ధతి మా యంత్రానికి రాదు. ఇంటెల్‌లో అది 2015 నాటి ఆరవ తరం నుంచి పూర్తిగా వచ్చింది. యూట్యూబ్ తరచుగా పంపే విపి9 కూడా దీనికి తెలియదు. బ్రౌజరులో హెచ్.264 మాత్రమే అడిగే చిన్న ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే కొంత ఊరట. మా అబ్బాయి తీసిన వీడియో అదృష్టవశాత్తు హెచ్.264దే.

ఇంకొక మాట. ఏది మార్చబోయినా ముందు పెన్షన్ కాగితాల నకళ్ళు, ఫొటోలు పెన్‌డ్రైవులో దాచుకోండి. కంప్యూటర్ బాగుచేస్తామని ఫోను చేసినవారికి ఓటీపీ చెప్పకండి.

ఆ రోజు సాయంత్రం వీడియో మళ్ళీ పెట్టాను. ఫ్యాను రొద తగ్గింది. మాట, పెదవులు కలిశాయి. పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో ఉండ చేసి, "ఇదిగో, ఇలా రావాలి" అని ఆవిడ చూపించింది. పక్కనున్న మా కోడలు "మామయ్యగారూ, ఒక్కసారి వెనక్కి తిప్పండి" అంది. నాలుగుసార్లు తిప్పాం. ఈ సంక్రాంతికి మా ఇంట్లో అరిసెలు కుదిరాయి.

పనికిరాదని తీసి పారేసేముందు, దానికి ఎవరైనా పని అప్పగించారా లేదా అని ఒక్కసారి చూడండి. ఇది కంప్యూటర్లకు మాత్రమే చెప్పిన మాట కాదని మీకు తెలుసు.